నోటికి అడ్డంగా ఒక చెయ్యి

స్టూడియో వెనక గది,
జూన్ 20

గువ్వా,

నువ్వు వెళ్ళి పద్దెనిమిది రోజులైంది. ఫోన్లో మనిద్దరం మాట్లాడుకోలేమని తేలిపోయింది. నేను ఎలా ఉన్నావంటాను, నువ్వు బాగానే ఉన్నానంటావు, ఆ తరవాత ఎవరు ముందు పెట్టేస్తారా అని ఇద్దరం చూస్తాం. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుని ముప్పావుగంట మాట్లాడుతుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద "బాగానే ఉన్నాను" అని రాసి ఊరుకుంటే మిగతాదంతా తెల్లగా కనిపిస్తుంది. ఏదో ఒకటి రాయక తప్పదు నీకు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మేడమీద నీ మంచం తీయించి అక్కడ కుట్టుమిషన్ పెట్టించింది. మర్నాడు మిషన్ తీయించి మళ్ళీ మంచం వేయించింది. చెవులు వినపడని పిల్లల బడిలో నువ్వు టీచరువయ్యావని మీ నాన్న కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆరునెలలు చూసిగాని ఖాయం చెయ్యరన్న ముక్క మాత్రం మింగేస్తున్నాడు.

నీ సంచీ పక్క అరలో పన్నెండు ఫోటోలు పెట్టాను. బడివాళ్ళ కార్డుకి సరిపోయాయా? గదిలో వెలుతురు ఏ వైపునుంచి వస్తుంది? రోజూ ప్రార్థనలో నీ సంగతి విన్నవించుకుంటున్నాను. దేవుడికి చెప్పడానికైనా నాకు వివరాలు కావాలి.

మీ పెద్దమ్మ


అద్దె గది, మేడమీద,
జులై 3

పెద్దమ్మా,

వెలుతురు తూర్పునుంచి వస్తుంది. పొద్దున్నే మంచం మీద కూర్చుంటే ఎడమ చెంప మీద పడుతుంది. నువ్వు చూస్తే ఇక్కడే కుర్చీ వేసి ఫోటో తీసేద్దాం అంటావు. కింద వాటాలో ఇంటావిడ ఉంటుంది. రిటైరైన నర్సు. నేను మెట్లెక్కే చప్పుడునిబట్టి నాకు ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తుంది. నిన్న "ఇవాళ అన్నం సరిగ్గా తినలేదు నువ్వు" అంది. నిజంగానే తినలేదు.

నా క్లాసులో ఎనిమిదిమంది. ఆరేళ్ళనుంచి ఎనిమిదేళ్ళదాకా ఉంటారు. అందరికీ చెవి వెనక మిషన్లున్నాయి, కానీ వాటితో వినపడేది కొంచెమే. మిగతాదంతా మన పెదవులు చూసి పట్టుకోవాలి. అందుకని బెంచీలు అర్ధచంద్రాకారంలో వేస్తారు. టీచరు కిటికీకి ఎదురుగా నిలబడాలి, కిటికీ వీపు వెనక ఉంటే మొహం చీకటైపోతుంది. నువ్వు చిన్నప్పుడు నాకు నేర్పిన సూత్రమే ఇది. ఆడ టీచర్లంతా ముదురు రంగు లిప్‌స్టిక్ వేసుకోవాలి. షోకు కాదు, రూలు. లెక్కల మాస్టారి మీసం పిల్లలకి అడ్డమొస్తోందని తీయించేశారట. ఆయన ఇప్పటికీ ఏదైనా ఆలోచిస్తే లేని మీసం దువ్వుకుంటాడు.

కార్డుకి ఫోటో సరిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు చూశాడు, నన్ను చూశాడు, "ఇది మీ అక్కగారిదా అమ్మా" అన్నాడు. పెద్ద జోకు.

అంతా బాగుంది. అమ్మని కుట్టుమిషన్ పెట్టుకోమను.

నీ గువ్వ


స్టూడియో వెనక గది,
జులై 12

గువ్వా,

వాచ్‌మన్ అలా ఎందుకన్నాడు? ఫోటో బాగానే వచ్చిందే.

నీ ఉత్తరంలో పిల్లలున్నారు, ఇంటావిడ ఉంది, మాస్టారి మీసం కూడా ఉంది. నువ్వు లేవు. మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నావు? అదొక్కటి రాయి చాలు.

మీ పెద్దమ్మ


అద్దె గది, మేడమీద,
జులై 29

పెద్దమ్మా,

ఎవరితోనూ తినడం లేదు.

బొమ్మలు పెట్టే గది ఒకటుంది. తలుపు దగ్గరికి వేసుకుని అక్కడ తింటాను. మొదటి వారం అందరితోనే కూర్చున్నాను. వాళ్ళు ఒకటే జోకులు. నాకూ నవ్వొస్తుంది. నవ్వొస్తే చెయ్యి నోటి మీదికి వెళ్తుంది, నీకు తెలుసుగా. నవ్వు ఆపుకుంటే పొగరనుకుంటారు, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే వాళ్ళని చూసి నవ్వుతున్నాననుకుంటారు. పక్క క్లాసు టీచరు ఒకరోజు మొహంమీదే అడిగేసింది, "ఏమ్మా, మా దగ్గరేమన్నా వాసనొస్తోందా" అని. ఏం చెప్పను? నా కోరపన్ను పక్క పన్ను మీదెక్కి కూర్చుందండీ, ఏడో తరగతిలో ఒక పిల్ల నన్ను డబుల్ డెక్కర్ అందండీ, అప్పట్నుంచీ ఇంతేనండీ అని చెప్పనా? మర్నాటినుంచీ బొమ్మల గదికి మారిపోయాను. అక్కడొక చెక్క ఏనుగుంది. దానికి దంతం విరిగిపోయింది. మాకిద్దరికీ బాగానే కుదిరింది.

ఇంతవరకూ అయితే నీకు రాసేదాన్ని కాదు.

పాఠం చెప్పేటప్పుడు కూడా చెయ్యి లేస్తోంది. నాకు తెలియకుండానే. నవ్వొచ్చే మాటో, పళ్ళు కనపడేలా "ఈ" అనాల్సిన మాటో వచ్చినప్పుడు మరీను. ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. మొన్న లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి లాగింది. లాగి, వెళ్ళి కూర్చుంది. కోపంగా కాదు, కర్టెన్ తీసినట్టు.

అది పెద్ద టీచరుగారు గుమ్మంలోంచి చూసింది. ఆవిడే ఈ బడి నడిపేది. సాయంత్రం పిలిచింది. తిట్టలేదు. "చూడమ్మా, నువ్వు చెయ్యి అడ్డం పెట్టిన ప్రతిసారీ ఆ పిల్లలకి నువ్వు మాట్లాడటం మానేసినట్టే. ఎందుకు పెడుతున్నావో నేను అడగను. దాన్ని మాత్రం దించాలి" అంది. ఇక్కడ ఉద్యోగం ఖాయం చేసే ముందు ఒక పద్ధతుంది. నవంబరు చివర్లో ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని పిల్లల వరసలో చిన్న కుర్చీలో కూర్చుంటుంది. నేనొక కథ చెప్పాలి. అది మొదటినుంచి చివరిదాకా ఆవిడకి అందితే నేను టీచర్ని. అందకపోతే ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాసుకోవాలి.

పెద్దమ్మా, నాకు ఈ పిల్లలు కావాలి. వేరే ఏ ఉద్యోగంలోనూ నాకు ఇలా అనిపించదు. కానీ వాళ్ళు చూడాల్సింది నా మొహంలో నేను ఎవరికీ చూపించని చోటే.

ఇంకో సంగతి. ప్రతి క్లాసు తలుపు మీదా టీచరు, పిల్లలు కలిసున్న ఫోటో ఉండాలట. రంగుల డబ్బా ఒలికిపోయినప్పుడు లెక్కల మాస్టారు ఒకటి తీశాడు. రెండు చేతులతో డబ్బా పట్టుకుని ఉన్నాను, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. నాకే చూడబుద్ధి కాలేదు. పెద్ద టీచరుగారు అదే కావాలంది. ఫోన్లో పంపాను. పెద్దది వేసి పంపు.

నీ గువ్వ


స్టూడియో వెనక గది,
ఆగస్టు 10

గువ్వా,

రాసినందుకు సంతోషం. రాసిన సంగతికి కాదు.

ఫోటో పెద్దది వేశాను. అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. రంగులు కొంచెం సర్దాను. పిల్లల మొహాలు చక్కగా వచ్చాయి. నువ్వు కూడా.

చేతి సంగతి. ఫోటోకి కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్ళకి నేను ఏదో ఒకటి పట్టుకోమని ఇస్తాను. నువ్వూ పాఠం చెప్పేటప్పుడు రెండు చేతులతో పట్టుకునే వస్తువు ఏదన్నా పెట్టుకో. పెద్ద పుస్తకమో, బొమ్మో.

డబుల్ డెక్కర్ అన్న ఆ పిల్ల పెళ్ళి ఫోటోలు పోయిన ఏడాది మన దగ్గరే వేయించారు. మొటిమలన్నీ నేనే తీశాను. చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం మాత్రం నలుగురితో కూర్చుని తిను. నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

మీ పెద్దమ్మ


అద్దె గది, మేడమీద,
ఆగస్టు 26

పెద్దమ్మకు,

ఫోటో అందింది. సోమవారం పొద్దున తలుపుకి అంటించాను. పిల్లలు మూగి ఎవరిని వాళ్ళు వెతుక్కున్నారు. రెండు జడల పిల్ల మాత్రం నా మొహం దగ్గర ఆగింది. ఫోటో చూసింది, నన్ను చూసింది. మునివేళ్ళ మీద లేచి ఫోటోలో నా నోటి మీద వేలు పెట్టి "టీచర్ కాదు" అంది. తమ గొంతు ఎంత పెద్దదో ఈ పిల్లలకి తెలియదు. వరండా అంతా వినపడింది.

"నేనే" అన్నాను. కాదని తల ఊపింది. తన పై పెదవి ఎత్తి, ఒక వేలి మీద ఇంకో వేలు ఎక్కించి ఎడమ వైపు పెట్టి చూపించి, "ఇది ఏది?" అని అడిగింది. మిగతా ఏడుగురూ వచ్చి పరీక్షగా చూశారు. ఆ పిల్లే కరెక్టని తేల్చారు.

నాకు తెలియదని కాదు. ఎప్పట్నుంచో తెలుసు. వాచ్‌మన్ అన్నప్పుడు కూడా ఎందుకన్నాడో తెలుసు. కానీ తెలిసినా ఇంతవరకూ ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. మన మెట్ల గోడ మీద నావి తొమ్మిది ఫోటోలున్నాయి. తొమ్మిదింటిలోనూ ఎవరో పళ్ళు తీరుగా ఉన్న అమ్మాయి. బడి కార్డు, కాలేజీ కార్డు, డిగ్రీ పట్టా పట్టుకున్న ఫోటో, అన్నిటా ఆ అమ్మాయే. నవ్వితే నేనెలా ఉంటానో చూసుకోవడానికి నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఒక్కటి దొరికిందనుకుంటే దాన్నీ దిద్ది పంపావు.

ఏడో తరగతిలో ఆ పిల్ల నన్ను డబుల్ డెక్కర్ అని ఒక్క సంవత్సరం అంది. నువ్వు ఒక్క మాట అనకుండా పన్నెండేళ్ళు అన్నావు.

చాలా బాగా దిద్దావు పెద్దమ్మా. ఎక్కడా అతుకు తెలియదు. ఫోటో తీసేశాను. తలుపు మీద నాలుగు టేపు ముక్కలు మిగిలాయి.

కొన్నాళ్ళు రాయను.


స్టూడియో వెనక గది,
సెప్టెంబర్ 9

గువ్వా,

మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది. ఇదీ బాగా రాలేదు, అయినా పంపుతున్నాను.

నువ్వు రాసింది నిజం.

ఎలా మొదలైందో చెబుతాను. తప్పు తగ్గించుకోవాలని కాదు. నీకు పన్నెండేళ్ళప్పుడు బడి కార్డుకి ఫోటో తీశాను. బడిలో ఏడ్చి వచ్చావు ఆ రోజు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా పక్కన స్టూలు మీద కూర్చుని కంప్యూటర్లో నీ మొహం చూసుకుంటూ, "పెద్దమ్మా, ఈ పన్ను తీసెయ్యగలవా" అన్నావు. తీసేశాను. రెండు నిమిషాల పని. నువ్వు నా మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు.

నువ్వు అడిగింది ఆ ఒక్కసారే. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. నేనూ నిన్ను అడగలేదు. ప్రతిసారీ అడిగినట్టే అనుకుని చేస్తూ వచ్చాను. మొన్న నీ ఉత్తరం అంతా చదివి కూడా, అదే వారంలో, అదే పని చేశాను. చేస్తున్నానని కూడా తెలియలేదు నాకు. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

ఇక రెండో సంగతి. ఇది ఎవరికీ తెలియదు.

అమ్మకీ నాన్నకీ చక్కటి పలువరసే కదా, నాకెక్కడిది ఈ పన్ను అని చిన్నప్పుడు అడిగేదానివి. నేను తల వంచుకుని పని చేసుకునేదాన్ని. అది నా పన్ను. నాకూ సరిగ్గా అక్కడే, ఎడమ వైపే, ఒకదాని మీద ఒకటి ఉండేది. పంతొమ్మిదో ఏట ఈ స్టూడియోలో పనికి చేరాను. అప్పటి యజమాని నన్ను కౌంటర్లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు నా కళ్ళలోకి చూసేవాళ్ళు కాదు, నోటివైపు చూసేవాళ్ళు. ఒకాయన పక్కనున్న స్నేహితుడితో ఒక మాట అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు. ఆ మాట రాయను. ఆ వారంలోనే ఒక్కదాన్నే వెళ్ళి పన్ను పీకించుకున్నాను. కిందది వదులుగా ఉందని డాక్టరు దాన్నీ తీసేశాడు. ఇంట్లో పంటినొప్పి అని చెప్పాను. మీ అమ్మకి అప్పుడు ఏడేళ్ళు.

ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. కట్టుడు పళ్ళు పెట్టించుకోవాలంటే మళ్ళీ ఎవరికో నోరు తెరిచి చూపించాలి. యజమానిని అడిగి వెనక గదిలో నెగెటివ్‌లు దిద్దే పనికి మారిపోయాను. ఆయన పోయాక స్టూడియో నాదైంది, అయినా ఈ గది వదల్లేదు.

నేను తక్కువ మాట్లాడతానని, నిదానమని అందరూ అంటారు. ప్రార్థనవల్ల వచ్చిందనుకుంటారు. ప్రార్థన తరవాత వచ్చింది. ముందొచ్చింది ఆ ఖాళీ. పెదవులు కలిపి ఉంచితే మనిషి శాంతంగా కనిపిస్తుంది. నవ్వొచ్చినప్పుడు తల దించుకుంటే అణకువగా కనిపిస్తుంది. ఏళ్ళు గడిచేసరికి నా స్వభావమే అదని నేనూ నమ్మాను. దేవుడి ముందు పాడుకునేటప్పుడు మాత్రం నోరు పూర్తిగా తెరుస్తాను. తలుపు వేసుకుని.

నువ్వు పళ్ళకి క్లిప్పులు వేయించుకోవాలనుకుంటే వేయించుకో. అందులో సిగ్గుపడాల్సింది లేదు. వద్దనుకుంటే మానెయ్యి. పీకించుకోవద్దని మాత్రం అడుగుతున్నాను.

అదే ఫోటో, ఏమీ దిద్దకుండా మళ్ళీ వేసి ఇందులో పెట్టాను. తలుపుకి పెట్టమని కాదు. నీ దగ్గర ఒకటి ఉండాలని.

నన్ను క్షమించు తల్లీ.

మీ పెద్దమ్మ


స్టూడియో వెనక గది,
అక్టోబర్ 4

గువ్వా,

జవాబుకి తొందర లేదు. ఒక సంగతి చెప్పాలని రాస్తున్నాను.

మెట్ల గోడ మీది తొమ్మిది ఫోటోలూ దించేశాను. ఎందుకని మీ అమ్మ అడిగింది. గోడకి సున్నం వేయించాలన్నాను. ఇప్పుడు నిజంగానే సున్నం వేయించాల్సి వచ్చింది. మీ నాన్న నిచ్చెన ఎక్కి కూర్చున్నాడు.

మీ పెద్దమ్మ


అద్దె గది, మేడమీద,
అక్టోబర్ 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం బొమ్మల గదిలో చదివాను. గంట కొట్టినా లేవలేదు. లెక్కల మాస్టారు వచ్చి నన్నూ, ఏనుగునీ చూసి, వెళ్ళి నా క్లాసు ఆయనే తీసుకున్నాడు.

ఆ రోజు నీ మెడ పట్టుకున్నది గుర్తొచ్చింది. నీ కళ్ళద్దాల గొలుసు నా చెంపకి గుచ్చుకుంది. పన్ను తీసెయ్యమన్నానన్నది మాత్రం గుర్తులేదు. అడిగే ఉంటాను. నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఆ కౌంటరు దగ్గరి పెద్దమనిషి మీదికి మళ్ళింది. ఆయన ఇంకా ఉన్నాడా? ఫోటోకి వస్తే కబురు చెయ్యి.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరాయి మనిషి ముందు నోరంతా తెరిచి పదినిమిషాలు ఉండటం అదే మొదటిసారి. ఆయన అద్దం పెట్టి చూసి, "బాగా తోముతున్నారండీ, ఇలాంటి సందుల్లో శుభ్రంగా ఉంచుకోవడం కష్టం" అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పి పెట్టాననుకుని పాపం సారీ చెప్పాడు. క్లిప్పులు వేస్తే రెండేళ్ళు పడుతుందట. ఎప్పుడు వేయించుకున్నా ఫరవాలేదట. ఇంకా తేల్చుకోలేదు. పరీక్షకి ముందు మాత్రం వేయించుకోను. దాక్కోవడానికి వేయించుకున్నట్టు ఉంటుంది.

పక్క క్లాసు టీచరుకి నిజం చెప్పేశాను. అన్నం గిన్నె పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చుని, పన్ను చూపించి మరీ. ఆవిడ కాసేపు చూసి, "ఇంతేనా! నీ పొగరు గురించి మేం ఎన్ని మధ్యాహ్నాలు మాట్లాడుకున్నాం, అన్నీ దండగైపోయాయి కదే" అంది. ఇప్పుడు రోజూ అక్కడే తింటున్నాను.

చెయ్యి మాత్రం ఇంకా లేస్తోంది. పిల్లలకి చెప్పాను, లేచినప్పుడల్లా బోర్డు మూల ఒక గీత గీయమని. సుద్దముక్క రెండు జడల పిల్ల దగ్గరుంది. జాలీ దయా లేదు దానికి. నిన్న పదకొండు.

ఫోటో పుస్తకంలో పెట్టుకున్నాను. తలుపుకి ఇంకా పెట్టలేదు.

నీ గువ్వ


బడి, బొమ్మల గది,
నవంబర్ 28

పెద్దమ్మా,

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను.

పొద్దున పెద్ద టీచరుగారు పిల్లల చిన్న కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుంది, పైనుంచి గుడ్డ కట్టుకుంది. పిల్లలకి ఆవిడని అలా చూస్తే భలే సరదా, తమలో ఒకతైపోయిందని.

నేను పంటినొప్పి వచ్చిన సింహం కథ చెప్పాను. నేనే కల్పించాను. ఎందుకు ఆ కథ పెట్టుకున్నావని అడగకు, నాకూ తెలియదు. సింహం నొప్పితో అడవంతా తిరిగింది. కోతి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అంతవరకూ బాగానే నడిచింది. నోరు తెరిచి ఏ పన్నో చూపించు అంది కోతి. అప్పుడు నేను నోరు తెరవాలి. చెయ్యి లేచింది.

గడ్డందాకా వచ్చేసింది పెద్దమ్మా. రెండు జడల పిల్ల సుద్దముక్క చేతిలోకి తీసుకోవడం కనిపించింది. పెద్ద టీచరుగారి కళ్ళు కూడా కనిపించాయి. చెయ్యి దించితే దించినట్టు తెలిసిపోతుంది, ఎత్తితే అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక వేళ్ళు వంచి దాన్ని సింహం పంజా చేసేశాను. ఇంకో చెయ్యి కూడా ఎత్తి రెండో పంజా చేశాను. రెండు పంజాలూ పక్కకి చాపి, గొంతులో ఉన్నదంతా పెట్టి గర్జించాను. దవడలు నొప్పి పుట్టేంతగా నోరు తెరిచాను. తెరిచి, నా పన్నే వేలితో చూపించి, ఇదిగో ఇదే నొప్పి అన్నాను. ఎనిమిదిమందీ గర్జించారు. ఎనిమిదిమందిలో ఐదుగురికి ముందు పళ్ళు లేవు.

తీసెయ్యనా అంది కోతి. నొప్పి తీసెయ్యి, పన్ను ఉండనీ అంది సింహం. సరేనని కోతి నిచ్చెన వేసుకుని నోట్లోకి దిగింది. దిగి, ముక్కు మూసుకుని, "బాబోయ్, నువ్వు తోముకున్నాక రేపొస్తాను" అంది. అక్కడ పెద్ద టీచరుగారు పిల్లలకంటే ముందు నవ్వింది. చెవుల్లో దూదితో.

అయ్యాక గుడ్డ విప్పుకుని, దూది తీసి, "ఒక్క మాట పోలేదు" అంది. అంతే అంది. ఆఫీసు గదికి వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. బోర్డు మూల ఇవాళ ఒక గీత ఉంది. పంజాకి గీత ఏమిటని నేను వాదించాను. రెండు జడల పిల్ల ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం ఫోటో తలుపుకి పెట్టాను. ఎవరూ ఆగి చూడలేదు.

నీ గువ్వ


స్టూడియో ముందు గది,
డిసెంబర్ 6

గువ్వా,

నీ ఉత్తరం కౌంటరు దగ్గర చదివాను. ఎదురుగా మీ అమ్మ ఫోటోలు కవర్లలో సర్దుతోంది. సింహం దగ్గర నా కళ్ళు తడిశాయి, అది ఎలాగో ఆపుకున్నాను. కోతి దగ్గర ఆపుకోలేకపోయాను. తల దించుకునే వ్యవధి లేదు. గట్టిగా, నోరు తెరిచి నవ్వాను.

మీ అమ్మ కవర్లు వదిలేసింది. నావైపే చూస్తూ, "అక్కయ్యా, అక్కడ పళ్ళేవీ" అంది.

పుట్టినప్పట్నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం. రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటాం.

మొదటినుంచీ చెప్పాను. నీకు రాయలేని ఆ మాట కూడా చెప్పాను. మీ అమ్మ ఆ మనిషిని తిట్టింది, డాక్టర్ని తిట్టింది, తరవాత నన్ను తిట్టింది. ఏడేళ్ళ పిల్లకి చెబితే ఏమవుతుందనుకున్నావు, నీ పక్కలోనే కదా పడుకునేదాన్ని అని ఏడ్చింది. ఏడుస్తూనే, ఇంకోసారి నవ్వు, సరిగ్గా చూడలేదు అంది. అడిగితే నవ్వు ఎక్కడ వస్తుంది? రాలేదు. అందుకని నీ ఉత్తరం కోతి దగ్గరనుంచి ఆమెకి చదివి వినిపించాను. ఇద్దరికీ వచ్చింది.

అప్పుడే ఒకమ్మాయి ఉద్యోగానికి ఫోటో కావాలని గుమ్మంలోకి వచ్చింది. నీ ఈడుదే. ఇద్దరు పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే చూసి తనూ నవ్వింది. ముందు పళ్ళ మధ్య పెద్ద సందు. కూర్చోబెట్టి తీశాను. కంప్యూటర్లో పెట్టాక మౌస్ మీద చెయ్యి ఆపి, ఏమన్నా మార్చాలా అమ్మా అని అడిగాను.

తెర వైపు చాలాసేపు చూసుకుంది. జుట్టు కొంచెం సర్దండి చాలు అంది.

సర్దాను.

మీ పెద్దమ్మ